వన్ టౌన్ బడిలో చైనా, జపాన్

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ తెలియనివాళ్ళు ఉండరు. కూరగాయలకీ, పూలకీ ఊరంతా అక్కడికే వస్తుంది. ఆ పేరు అయ్యదేవర కాళేశ్వరరావు గారిది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొట్టమొదటి స్పీకరుగా ఆయన పేరు కొందరికైనా గుర్తుంటుంది. పరాయి దేశాల ప్రజలు స్వేచ్ఛ కోసం చేసిన పోరాటాల మీద ఆయన తెలుగులో పుస్తకాలు రాశారనీ, వాటిలో చైనా జాతీయోద్యమ చరిత్ర ఒకటనీ ఆ మార్కెట్లో బేరాలాడే మనలో ఎందరికి తెలుసు? మనమే స్వాతంత్ర్యం కోసం జైళ్ళకు వెళుతున్న కాలంలో బెజవాడ నాయకుడొకాయన చైనాలో ఏం జరుగుతోందో తెలుగువాడికి తెలియాలనుకున్నారు. ఆ పట్టుదల మీద నాకు చాలా గౌరవం.

సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లం ఆన్‌లైన్‌లో చైనా, జపాన్ దేశాల చరిత్రనూ సంస్కృతినీ ఎలా నేర్చుకోవచ్చు, అలా నేర్చుకున్నది మన పిల్లలకు అందాలంటే ఇంకా ఏం కావాలి అన్నది ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు అవసరం సంగతి. కొన్నేళ్ళ క్రితం దాకా మన పదో తరగతి పుస్తకంలో చైనా, వియత్నాం, నైజీరియా దేశాల విముక్తి ఉద్యమాల మీద ఒక పాఠం ఉండేది. 1911 విప్లవం, సన్ యట్ సేన్, 1919 నాటి మే నాలుగో తేదీ ఉద్యమం, భూసంస్కరణలు, అన్నీ అందులోనే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో జపాన్, చైనా ఆధునికత వైపు నడిచిన దారుల మీద ఒక అధ్యాయమే ఉంది. పాఠాలు పుస్తకాల్లో ఉన్నా చెప్పేవాళ్ళ దగ్గర సరుకు లేదు. డిగ్రీలోనూ బీఈడీలోనూ మాలో ఎక్కువమంది చదివిన ప్రపంచ చరిత్ర అంటే ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, బిస్మార్క్, రెండు ప్రపంచ యుద్ధాలు. చైనా పాఠం వచ్చేసరికి పేర్లు పలకడానికే తడబడతాం. పుస్తకం చదివించి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయించి, మ్యాపులో బీజింగ్ చూపించి ముందుకు వెళ్ళిపోతాం.

పిల్లలు మాత్రం ఖాళీగా కూర్చుని లేరు. టీవీలో నోబితాని, డోరేమాన్‌ని, షిన్‌చాన్‌ని తెలుగులోనే చూస్తూ పెరిగారు. జపాను ఇంట్లో చాప పరిచిన గది ఎలా ఉంటుందో, తలుపు పక్కకి ఎలా జరుగుతుందో, వసంతంలో వీధి చివర చెట్లు గులాబీరంగు పూలతో ఎలా విరగబూస్తాయో చిట్టినగర్ పిల్లవాడికి తెలుసు. ఆ పిల్లవాడు "టీచర్, వాళ్ళు ఇంట్లోకి వచ్చేటప్పుడు మనలాగే చెప్పులు ఎందుకు విప్పుతారు?" అని అడిగితే నిలబడి జవాబు చెప్పగలిగినంత జపాన్ మాకు తెలియాలి. చైనా అంటే ఫోన్లూ కరోనా మాత్రమే అనుకునే పిల్లవాడికి అంతకు మించి చూపించగలగాలి. మన జిల్లాల్లో చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన పిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి తమ్ముడో చెల్లెలో మన తరగతిలోనే కూర్చుని ఉంటారు.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతికి వస్తాను. అమెరికాలో 1998లో బడి టీచర్ల కోసమే ఒక జాతీయ కన్సార్షియం మొదలైంది. ఆసియా గురించి బోధించడం దాని పని. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. చైనా, జపాన్, కొరియా చరిత్రల మీద టీచర్లకు ముప్ఫై గంటల సెమినార్లు పెడతారు. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఆన్‌లైన్‌లో జరుగుతోంది. పుస్తకం ఒకటి ఇచ్చి, చదివించి, దాని మీద మాట్లాడించి, ఆఖరున తన తరగతికి పనికొచ్చే పాఠ్యప్రణాళిక ఒకటి రాయించుకుంటారు. నాకు బాగా నచ్చింది ఆ ఆఖరి మెట్టు. నేర్చుకున్నది రేపటి పీరియడ్‌లో వాడకపోతే శిక్షణ ధ్రువపత్రం దగ్గరే ఆగిపోతుందని వాళ్ళు గ్రహించారు.

మనకు అందుబాటులో ఉన్నవి కూడా తక్కువేం కాదు. హార్వర్డ్ వాళ్ళు 2013లో మొదలుపెట్టిన చైనా కోర్సు ప్రాచీన కాలం నుంచి ఇవాళ్టి దాకా వస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం వేదిక మీద కాన్పూర్ ఐఐటీ వాళ్ళు జపాను భాషా సంస్కృతుల పరిచయం చెబుతారు. జపాన్ ఫౌండేషన్ వాళ్ళది మినాతో అని ఒక వేదిక ఉంది. అందులో భాషతో పాటు జపాన్ జీవితం కూడా నేర్చుకోవచ్చు. దీక్షా యాప్ మా అందరికీ అలవాటే. 2020లో బళ్ళు మూతపడ్డప్పుడు నిష్ఠా అనే టీచర్ల శిక్షణ అందులోనే వచ్చింది. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి గట్టు మీద ఫోను ఆనించుకుని శిక్షణ పూర్తి చేసిన టీచరమ్మలు మన నగరంలో ఎందరో ఉన్నారు. ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం మనవల్ల కాదని ఇక ఎవరూ అనలేరు.

వీటన్నిటిలో నా బోధనను మార్చిన కోర్సు గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. 2014లో ఎంఐటీ, హార్వర్డ్ కలిసి జపాన్ చరిత్రను బొమ్మల ద్వారా చెప్పే కోర్సొకటి తెచ్చాయి. చెప్పినవారిలో జాన్ డవర్ అనే పెద్ద చరిత్రకారుడు ఉన్నారు. 1853లో అమెరికా నౌకాధికారి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఎడో అఖాతంలోకి వచ్చి, తలుపు తెరవమని జపాన్‌ను గద్దించాడు. మన పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. ఆ కోర్సులో ముందు పెర్రీ బొమ్మలు పెడతారు. అమెరికా వాళ్ళు వేసుకున్న బొమ్మల్లో ఆయన నిటారుగా, గంభీరంగా, నాగరికతను మోసుకొచ్చినవాడిలా ఉంటాడు. జపాను చిత్రకారులు కొందరు వేసిన బొమ్మల్లో ముక్కు పొడుగ్గా, జుట్టు పిచ్చిగా, కళ్ళు మిటకరిస్తూ కొండదెయ్యంలా ఉంటాడు. కొన్ని బొమ్మల్లో పొగలు కక్కే ఆ నల్ల ఓడకే భూతం మొహం పెట్టారు. మనిషి ఒకడే. అటు ఒడ్డున నిలబడి చూసినవాడికీ, ఓడ మీద నుంచి చూసినవాడికీ వేరువేరుగా కనిపించాడు. గురువుగారు వెంటనే తీర్పు చెప్పరు. ఇది ఎవరు వేశారు, ఎవరికి అమ్మడానికి వేశారు, చిత్రకారుడు ఆ మనిషిని నిజంగా చూశాడా, విని వేశాడా అని అడుగుతూ పోతారు.

ఆ రెండు రకాల బొమ్మలూ తరగతిలో చూపించాను. పేర్లు చెప్పకుండా, వీళ్ళిద్దరిలో మంచివాడెవరు అని అడిగాను. పిల్లలు గట్టిగా వాదించుకున్నారు. ఇద్దరూ ఒక్కడే అని చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక అమ్మాయి లేచి, "మరి మన బందరుకి దొరలు దిగినప్పుడు మనవాళ్ళు బొమ్మలు వేయలేదా టీచర్?" అంది. ఏ గైడులోనూ రాని ప్రశ్న అది. ఒక మంచి కోర్సు టీచరుకి ఇవ్వగలిగింది ఇదే అనుకుంటాను. అలాంటి ప్రశ్న పుట్టే చోటు తరగతిలో ఏర్పడుతుంది.

ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరే ఈ కోర్సుల కొరత కూడా తెలుస్తుంది. వాటిలో చాలావరకు అమెరికాలో తయారైనవి. చైనాకి తూర్పున ఏముందో చెబుతాయి, పడమర నుంచి వచ్చిన తెల్లవాళ్ళు ఏం చేశారో చెబుతాయి. కృష్ణ ఒడ్డున కూర్చున్న మనిషికి ఆ కథలో చోటెక్కడో చెప్పవు. చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకి లేదు, మనకి ఉంది. పైగా ప్రతి కోర్సూ ఎవరో ఒకరి చూపు. ఒక దేశం తన గురించి తాను చెప్పుకునేటప్పుడు తన గాయాలు ఎక్కువగా, తను చేసిన గాయాలు తక్కువగా కనబడడం సహజం. అందుకని జపాన్ గురించి జపాన్ సంస్థ చెప్పింది విన్నాక, 1937లో చైనాలోని నాన్జింగ్‌లో జపాన్ సైన్యం ఏం చేసిందో ఇంకో చోట చదవాలి. చైనాకైనా ఇదే పద్ధతి.

మరి మన చోటు ఎక్కడ? నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి ఉంది. మూడో శతాబ్దం నాటిది. తను కట్టించిన చైత్యగృహాన్ని సింహళ ఆచార్యులకు ఇస్తూ, వాళ్ళు ఏయే ప్రాంతాల ప్రజలకు ధర్మం చెప్పారో ఆవిడ వరసగా చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, ఆ తర్వాత చీనా. ఒక తెలుగు నేల స్త్రీ రాతి మీద పెట్టించిన పట్టికలో, పదిహేడు వందల ఏళ్ళ క్రితం, చైనా ఉంది. అందులో ఆవిడ గౌరవించింది కూడా పాఠాలు చెప్పేవాళ్ళనే. చైనా పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు తెలియదు.

ఆ కొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్‌లో రియూజు అంటారు. అక్కడి బౌద్ధంలో ఎనిమిది శాఖలకు ఆయనే మూలపురుషుడని చెప్పుకుంటారు. షింగోన్ శాఖవారి ఐతిహ్యం ప్రకారం దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో ఆయనకు రహస్య గ్రంథాలు దొరికాయి. ఆ స్తూపం మన అమరావతే అయి ఉంటుందని కొందరు పండితుల ఊహ. ఐతిహ్యాన్ని చరిత్ర అని చెప్పకూడదు. ఒక జపాను భిక్షువు ఊహలో మన ఒడ్డు ఉందని చెప్పడంలో మాత్రం తప్పు లేదు.

ఇక హ్యుయెన్‌త్సాంగ్. 629లో చాంగాన్ నుంచి బయల్దేరి, 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్ళిన యాత్రికుడు. మధ్యలో ఆంధ్రదేశానికీ, ధాన్యకటకానికీ వచ్చాడు. ఆంధ్రుల లిపి మధ్యదేశపు లిపిని పోలి ఉన్నా మాట తీరు వేరని రాసుకున్నాడు. ధాన్యకటకానికి తూర్పునా పడమరా కొండల మీద ఉన్న రెండు సంఘారామాలను వర్ణించాడు. ఆ వర్ణన పట్టుకుని ఫెర్గూసన్, సివెల్ వంటి పంతొమ్మిదో శతాబ్దపు పండితులు ధాన్యకటకమంటే బెజవాడేనని వాదించారు. ధరణికోట, అమరావతి అన్న అభిప్రాయమే ఆ తర్వాత నిలబడింది. అయినా ఆ వాదన పిల్లలకు చెప్పదగ్గది. ఒక చైనా భిక్షువు రాసిన నాలుగు వాక్యాల కోసం ఇంగ్లీషు దొరలు మన కొండల్ని ఎంతలా పరిశీలించారో, ఒక ఆధారాన్ని ఇద్దరు రెండు రకాలుగా ఎలా చదవవచ్చో తెలుస్తుంది. దుర్గమ్మ కొండ కింద తిరిగే పిల్లలకు అంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

హ్యుయెన్‌త్సాంగ్ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇంకొకటుంది. ధాన్యకటకంలో ఆయన కొన్ని నెలలు ఆగాడు. అక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మం చదువుకున్నాడు. వాళ్ళిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. తర్వాత కలిసి యాత్రకు బయల్దేరారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఒక చైనా గురువు, ఇద్దరు కృష్ణాతీరపు గురువులు ఒకరికొకరు శిష్యులయ్యారు. టీచర్లు ఒకరి దేశం గురించి ఒకరు నేర్చుకోవడం అన్న మాటకు ఇది మన సొంత ఉదాహరణ.

సముద్రం వైపు చూస్తే కథ మారుతుంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం వర్తకులకు ఏ సరుకు మీద ఎంత సుంకమో చెబుతుంది. ఆ జాబితాలో చీనా కర్పూరం ఉంది. బందరులో డచ్చివాళ్ళు 1605లో స్థావరం పెట్టారు. 1641 నుంచి వాళ్ళు జపాన్‌లో నాగసాకి దగ్గరి డెజిమా అనే చిన్న దీవిలో ఉండేవాళ్ళు. ఆ రోజుల్లో జపాన్‌తో వర్తకం చేసుకోనిచ్చిన ఐరోపావాళ్ళు వాళ్ళొక్కరే. వాళ్ళ ఓడల్లో జపాను రాగి కోరమాండల్ తీరానికి వచ్చేది, మన తీరపు అద్దకపు గుడ్డలు జపాన్‌కు వెళ్ళేవి. వాటిని అక్కడ సరాసా అని పిలిచి, చిన్న ముక్కను కూడా పారేయకుండా టీ పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. ముక్కలను పుస్తకాల్లో అంటించి దాచుకున్నారు. పెడనలో ఇవాళ్టికీ కలంకారీ బల్లల ముందు నిలబడి అచ్చులు వేసే కుటుంబాల పిల్లలు మన బళ్ళలోనే చదువుతున్నారు. జపాన్ పాఠం వాళ్ళ ఇంటి గుడ్డ దగ్గర మొదలుపెడితే వాళ్ళు ఎలా వింటారో ఒక్కసారి ఊహించండి.

ఇక్కడ ఒక టీచరు గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆయన పింగళి వెంకయ్య గారు. జాతీయ జెండా రూపకర్తగా ఆయన అందరికీ తెలుసు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సంగతి తక్కువమందికి తెలుసు. లాహోరులో చదివే రోజుల్లో ఆయన జపాను భాష నేర్చుకున్నారు. 1913లో బాపట్లలో జపాను భాషలో ప్రసంగించారు. జనం ఆయన్ని జపాన్ వెంకయ్య అన్నారు. ఆ ఆసక్తి గాలిలోంచి పుట్టింది కాదు. 1905లో జపాన్ రష్యాను ఓడించినప్పుడు, ఆసియా దేశమొకటి ఐరోపా సామ్రాజ్యాన్ని ఓడించగలదని తెలిసి మన ఊళ్ళు పొంగిపోయాయి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఈ జిల్లాల్లో తిరిగి ఉపన్యాసాలిచ్చేనాటికి ఆ వేడి ఇంకా చల్లారలేదు. వెంకయ్య గారు తన చివరి రోజులు విజయవాడ చిట్టినగర్‌లో పేదరికంలో గడిపి, 1963లో కన్నుమూశారు. యాప్ లేని, వీడియో లేని రోజుల్లో ఒక పరాయి భాషను సభలో మాట్లాడేంతగా నేర్చుకున్న ఉపాధ్యాయుడు మన వీధుల్లో నడిచాడు. ఈ సంగతి వన్ టౌన్‌లోని ప్రతి బడిలో చెప్పాలని నాకు గట్టి కోరిక.

అదే జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. 1905 నాటి ఆనందం ఎంత నిజమో 1942 నాటి భయమూ అంతే నిజం. బానిస దేశాలకు ఆశ చూపిన రాజ్యం నలభై ఏళ్ళలోపే కొరియాను, చైనాను, ఆగ్నేయాసియాను తొక్కిన రాజ్యంగా ఎలా మారిందన్న ప్రశ్న, పదో తరగతి పిల్లలు తట్టుకోగలిగిన ప్రశ్నే. యుద్ధంలో జపాన్ పిల్లలు ఏం పోగొట్టుకున్నారో కూడా మన టీచర్లలో చాలామందికి తెలుసు. తెత్సుకో కురోయానాగి రాసిన తొత్తోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది కదా. రైలు పెట్టెల్లో పాఠాలు చెప్పిన కొబయాషి మాస్టారి బడి 1945లో టోక్యో మీద పడ్డ బాంబుల్లో కాలిపోయింది. ఆ పుస్తకం చదివి తమ తరగతిని మార్చుకున్న టీచర్లను నేను ఎరుగుదును.

ఇక నా ప్రతిపాదన. చైనా, జపాన్ మీద తెలుగులో, మన టీచర్ల కోసం, ఒక ఆన్‌లైన్ కోర్సు కావాలి. దీక్షా వేదిక ఉండనే ఉంది. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ ఉంది, జిల్లాల్లో డైట్ కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదులో ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో చైనీసు, జపనీసు చెప్పే ఆచార్యులు ఉన్నారు. వాళ్ళ చేత ఉచ్చారణ చెప్పిస్తే పేర్ల దగ్గర తడబాటు ఒక వారంలో పోతుంది. ఇంగ్లీషు కోర్సులు బాగానే ఉన్నాయి కదా, వాటికి తెలుగు అక్షరాలు వేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. చాలదనే నా అభిప్రాయం. బోధిసిరి శాసనం, మోటుపల్లి సుంకాలు, పెడన గుడ్డ, చిట్టినగర్ వెంకయ్య గారు ఆ కోర్సులో ఉండాలంటే దాన్ని ఇక్కడే కూర్చుని రాయాలి. కన్ఫ్యూషియస్, మెయిజీ సంస్కరణలు, మావో పొడవైన యాత్ర, హిరోషిమా తప్పకుండా ఉండాలి. వాటి దగ్గరకు నడిచే దారి మాత్రం కృష్ణ గట్టు మీద నుంచి వేయాలి. వీడియోలు పది నిమిషాలకు మించకూడదు. సిగ్నల్ సరిగ్గా అందని దివిసీమ బడిలో టీచరు దింపుకుని చూసుకునేలా ఉండాలి. ప్రశ్నాపత్రంలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే పరీక్షతో ముగించకుండా, ప్రతి టీచరూ ఒక పాఠం తయారుచేసి తన పిల్లలకు చెప్పి, ఏం జరిగిందో తోటి టీచర్లకు రాయాలి.

ఆ కోర్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ నెల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సాంఘిక శాస్త్రం వాళ్ళు ఒక గంట దీనికి ఇవ్వండి. ఒకరు పెర్రీ బొమ్మలు తెండి, ఇంకొకరు ధాన్యకటకం గురించి హ్యుయెన్‌త్సాంగ్ రాసిన పేజీ తెలుగులో చెప్పండి. వీలున్నవాళ్ళు పిల్లల్ని బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకి తీసుకెళ్ళి అల్లూరు బుద్ధుణ్ణి చూపించండి, అదే వారం నారా నగరంలోని మహాబుద్ధుడి ఫోటో తరగతిలో పక్కన పెట్టండి. ఆ రెండు మొహాల మధ్య తేడాలూ పోలికలూ పిల్లలే చెబుతారు. వాళ్ళు చెప్పినవి రాసిపెట్టుకోండి. తెలుగు కోర్సు రాసేవాళ్ళకు మొదట కావాల్సినవి అవే.